ఇరవై గజాల దూరం

సెప్టెంబరు నెల వచ్చేసరికి అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ పార్కుల్లో కొత్త బోర్డులు వెలుస్తాయి. ఇక్కడ విల్లంబులతో జింకల వేట సాగుతోందని వాటి మీద రాసి ఉంటుంది. ఇదేమీ కొండాకోనా కాదు. దేశ రాజధాని వాషింగ్టన్‌కు కూతవేటు దూరం. మెట్రో రైలు, ఐటీ ఆఫీసులు, వరసగా ఇళ్లు. తెలుగు కుటుంబాలు కూడా పెద్ద సంఖ్యలో స్థిరపడిన ప్రాంతం. మన ఊళ్ల నుంచి పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు సాయంత్రం నడకకు బయలుదేరి ఆ బోర్డు చదివితే వెంటనే నమ్మబుద్ధి కాదు. ఈ రోజుల్లో విల్లంబులతో వేటా? అదీ ఊరి నడుమనా?

ఆ ఆశ్చర్యం సహజమే. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు తలుపులు మూసింది. ఆ చట్టంలో ఆయుధం అనే మాటకు నిర్వచనం ఉంది. తుపాకులు, పేలుడు పదార్థాలు, వలలు, విషం, ఉచ్చులు అన్నింటితో పాటు విల్లూ బాణాలూ అందులో పేరు పేరునా కనిపిస్తాయి. నల్లమల చెంచుల చేతిలో వెదురు విల్లు బతుకుదెరువుగా ఉన్న కాలాన్ని మానవ శాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1943లో అచ్చయిన తన పుస్తకంలో నమోదు చేశాడు. అంతకు ఎన్నో తరాల ముందే ధూర్జటి తన కాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నడనే వేటగాణ్ణి భక్తుడిగా నిలబెట్టాడు. ఇవాళ తెలుగువాళ్లకు విల్లు పురాణంలో మిగిలింది, ఆట మైదానంలో మిగిలింది. అడవిలో మాత్రం మిగలలేదు. మిగలకపోవడమే మంచిది. మన అడవుల్లో జంతువుల లెక్క అలా ఉంది.

అమెరికాలో ఆ లెక్క తలకిందులయింది. అక్కడి తెల్లతోక జింకలు 1900 ప్రాంతానికి దేశం మొత్తం మీద ఐదు లక్షలకు మించి లేవని అంచనా. అంగట్లో మాంసం కోసం, తోళ్ల కోసం అడ్డూ అదుపూ లేకుండా చంపేశారు. తర్వాత చట్టాలు వచ్చాయి. వేటకు కాలం నిర్ణయించారు, లైసెన్సు పెట్టారు. మరోపక్క తోడేళ్లు, కొండసింహాలు చాలా రాష్ట్రాల్లో అప్పటికే తుడిచిపెట్టుకుపోయాయి. దాంతో ఇప్పుడు జింకలు మూడు కోట్ల దాకా ఉంటాయంటారు. అవి పెరటి మొక్కలు తింటాయి, అడవిలో కొత్త మొలకను పైకి రానివ్వవు, రాత్రిళ్లు కారుకు అడ్డం పడతాయి. ఫెయిర్‌ఫాక్స్‌లో 1997లో అలాంటి ప్రమాదంలో ఒక మనిషి చనిపోయాకే కౌంటీ జింకల సంఖ్య మీద గట్టిగా దృష్టి పెట్టింది.

ఊళ్లో తుపాకీ పేల్చడం కుదరదు. రైఫిల్ తూటా మైలు దాటి కూడా ప్రాణం తీయగలదు. బాణం అలా కాదు. పైగా చెట్టు మీది మంచె నుంచి వేస్తే అది కిందికే దిగుతుంది, జింకను దాటినా నేలలో గుచ్చుకుని ఆగుతుంది. అందుకే విలుకాళ్లకు అనుమతి దొరికింది. ఆ అనుమతి ఊరికే రాదు. వేట శిక్షణ పొందినట్టు పత్రం చూపాలి, నేర చరిత్ర లేదని తేలాలి, గురి పరీక్షలో నెగ్గాలి, నేల మీద కాకుండా ఎత్తు మీద నుంచే వేయాలి. న్యూయార్క్, న్యూజెర్సీ రాష్ట్రాల్లోనైతే తుపాకీ వేటకు నేర్చుకున్న పాఠం చాలదు. విల్లుకు వేరే తరగతి, వేరే పత్రం.

ఈ వేట ఆధునిక అమెరికాకు ఎలా వచ్చిందో చెప్పాలంటే ఒక ఒంటరి మనిషి కథ చెప్పాలి.

1911 ఆగస్టు 29. కాలిఫోర్నియాలో ఓరోవిల్ అనే చిన్న పట్టణం. అక్కడ ఒక కబేళా దొడ్డి దగ్గర తెల్లవారేసరికి ఒక మనిషి కనిపించాడు. ఆకలితో చిక్కి శల్యమై ఉన్నాడు. ఎవరికీ అర్థం కాని భాష మాట్లాడుతున్నాడు. యాహీ అనే తెగలో మిగిలిన చివరి మనిషి అతను. తెల్లవాళ్లు ఆ తెగను ఊచకోత కోస్తే, తప్పించుకున్న కొద్దిమంది డీర్ క్రీక్ లోయల్లో దాదాపు నలభై ఏళ్లు ఎవరికంటా పడకుండా బతికారు. వాళ్ల దగ్గర చప్పుడు చేయని ఆయుధం ఒక్కటే ఉండేది. తుపాకీ మోగితే దాక్కున్న చోటు బయటపడుతుంది, విల్లు మోగదు. ఒక్కొక్కరూ పోయి చివరికి ఇతనొక్కడే మిగిలాడు. తన పేరు తాను పరాయివాళ్లకు చెప్పుకోవడం వాళ్ల ఆచారం కాదు. కాబట్టి అతన్ని తీసుకెళ్లిన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు ఇషీ అని పిలిచారు. వాళ్ల భాషలో ఇషీ అంటే మనిషి అని అర్థం.

ఇషీని శాన్ ఫ్రాన్సిస్కోలోని మ్యూజియంలో ఉంచారు. పక్కనే వైద్య కళాశాల. అక్కడ శస్త్రవైద్యుడు శాక్స్‌టన్ పోప్. ఇషీకి వైద్యం చేయడానికి వచ్చిన పోప్ అతని దగ్గర శిష్యుడయ్యాడు. పోప్ రాసిపెట్టిన వివరాలు చదివితే ఇషీ వేట కళ్లకు కడుతుంది. జునిపర్ చెక్కతో చేసి, వెనకవైపు జంతువుల నరాలు అతికించిన పొట్టి విల్లు. నిలబడి కాదు, గొంతుకూర్చుని వేసేవాడు. మూడు వేళ్లతో కాదు, బొటనవేలితో నారి లాగేవాడు. ములికిని గాజుపెంకు నుంచి కూడా చెక్కగలడు. జింక వేటకు ముందు రోజు చేపలు తినడు, పొగ తాగడు. తెల్లవారకముందే లేచి ఏట్లో మునిగి, సువాసన ఆకులు ఒంటికి రుద్దుకుంటాడు. నోరు పుక్కిలించి, నీళ్లు తాగి, ఏమీ తినకుండా బయలుదేరతాడు. ఇది పూజ కాదు. వాసన తగ్గించుకునే పద్ధతి. అడవిలో ఒక ఆకు మడిచి పెదాల మధ్య పెట్టుకుని గాలి పీలిస్తే జింకపిల్ల అరిచినట్టే ఉండేదట, తల్లి జింక వెతుక్కుంటూ వచ్చేదట.

నిలబెట్టిన విల్లు అలసిపోతుందని, దానికి చెమట పడుతుందని ఇషీ అనేవాడు. పని లేనప్పుడు పడుకోబెట్టాలని అతని నియమం. గురిపందెంలో నలభై, యాభై గజాల బొమ్మ మీద వేస్తే అతని లెక్క గొప్పగా ఉండేది కాదని కూడా పోప్ దాచకుండా రాశాడు. బొమ్మ మీద వేయడం అతనికి అలవాటు లేదు. దగ్గరకు చేరడం అతనికి చేతనయిన విద్య. చేరాక గురి తప్పడం అరుదు.

క్షయతో ఇషీ 1916 మార్చి 25న చనిపోయాడు. పోప్ 1923లో విల్లంబుల వేట మీద ఒక పుస్తకం ప్రచురించాడు, ఆ పుస్తకం చదివి వందల మంది వడ్రంగి పనిముట్లు పట్టి విల్లులు చెక్కుకున్నారు. 1934లో విస్కాన్సిన్ రాష్ట్రం కేవలం విలుకాళ్ల కోసం ప్రత్యేక వేటకాలం ప్రకటించింది. ఆ కాలపు విస్కాన్సిన్ విలుకాళ్లలో ప్రకృతి రచయిత ఆల్డో లియోపోల్డ్ ఒకడు. తన విల్లు తానే చెక్కుకున్నాడు. అంతమందికి దారి చూపిన ఇషీ తెగ మాత్రం అప్పటికే లేదు. ఆ విషయం మరిచిపోయి ఈ వేట గురించి మాట్లాడటం న్యాయం కాదు.

ఇప్పుడు విల్లు మారింది. మిస్సోరీ రాష్ట్రానికి చెందిన హోలిస్ విల్బర్ అలెన్ అనే ఆయన విల్లు చివరల్లో బావి గిలకల్లాంటి చక్రాలు బిగించి, 1969లో పేటెంటు పొందాడు. ఆ చక్రాల నడిమధ్యలో కాకుండా పక్కగా ఇరుసు ఉంటుంది. అందువల్ల నారి లాగడం మొదలుపెట్టినప్పుడు బరువు పూర్తిగా తెలుస్తుంది, చివరి దాకా లాగేసరికి ఆ బరువు చాలావరకు దిగిపోతుంది. 70 పౌండ్ల విల్లు అనుకుంటే, పూర్తిగా లాగి గురిచూస్తున్నప్పుడు చేతిమీద 14 పౌండ్లే ఉండవచ్చు. జింక ఇంకో అడుగు ముందుకు వేసేదాకా చెయ్యి వణకకుండా ఆగడానికి ఇది పనికొస్తుంది. వేట కోసం పుట్టిన ఈ కాంపౌండ్ విల్లే ఆటలోకి వచ్చింది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ మూడు బంగారు పతకాలు గెలిచింది ఈ రకం విల్లుతోనే. ఆమె బొమ్మ 50 మీటర్ల దూరంలో ఉంటుంది. వేటగాడికి అందులో సగం కూడా ఎక్కువే. ఎందుకో చూద్దాం.

తూటా దెబ్బ వేరు, బాణం దెబ్బ వేరు. తూటా తన ఊపుతో జంతువును కుదిపి పడేస్తుంది. బాణానికి అంత శక్తి లేదు. దాని ములికికి ఉన్న మంగలికత్తిలాంటి అంచులు లోపలి రక్తనాళాలను కోస్తాయి, నెత్తురు పోయి జంతువు కూలుతుంది. కాబట్టి తగలవలసిన చోటు ఒక్కటే: ముందుకాలి వెనక, డొక్కలో, రెండు ఊపిరితిత్తులూ గుండె ఉన్న భాగం. పెద్ద జింకలో కూడా అది అన్నం తినే పళ్లెమంత మేర. అక్కడ తగిలితే జింక వంద గజాలు పరుగెత్తకముందే పడిపోతుంది, కొన్ని క్షణాల పని. అది తప్పి పొట్టలో తగిలితే గంటలకొద్దీ నరకయాతన. ఈ తేడా తెలిసినవాడికి విల్లు ఎత్తినప్పుడు చెయ్యి వణకడం సహజం.

అందుకే జింక పక్కవాటుగా నిలబడాలి, లేదా కొంచెం అవతలికి తిరిగి ఉండాలి. ఎదురుగా చూస్తుంటే వేయకూడదు. రొమ్ము ఎముక అడ్డం వస్తుంది. నడుస్తుంటే వేయకూడదు. చిన్న కొమ్మ అడ్డం ఉన్నా వేయకూడదు, పుల్ల తగిలినా బాణం దారి తప్పుతుంది. ఇటువైపు ముందుకాలు వెనక్కి ఉంటే అది ముందుకు వేసేదాకా ఆగాలి. ఇన్ని ‘కూడదు’ల మధ్య ఆ సందు దొరికేసరికి చీకటి పడుతుంది. ఒక్క బాణం కూడా వేయకుండా వేటకాలం గడిపేసినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. విలుకాళ్లలో వాళ్లనే ఎక్కువ గౌరవించాలి.

ఇరవై గజాల సంగతికొద్దాం. విల్లు వదిలినప్పుడు నారి చిన్నగా టప్పుమంటుంది. కాంపౌండ్ విల్లు నుంచి బాణం సెకనుకు సుమారు 280 అడుగుల వేగంతో పోతుందనుకుందాం. శబ్దం సెకనుకు 1,100 అడుగులకు పైగా ప్రయాణిస్తుంది. జింక 30 గజాల దూరంలో, అంటే 90 అడుగుల్లో ఉంటే బాణం చేరడానికి సెకనులో మూడో వంతు పడుతుంది. నారి చప్పుడు మాత్రం సెకనులో పన్నెండో వంతుకే దాని చెవిలో పడుతుంది. మిగిలిన సమయం మనకు రెప్పపాటు. జింకకు అది చాలు. బెదిరిన జింక ఎగిరి దూకదు, దూకడానికి ముందు కాళ్లు మడిచి కిందికి కుంగుతుంది. ఒళ్లు ఒక్క జానెడు దిగితే చాలు, ఊపిరితిత్తులకు గురిపెట్టిన బాణం వీపు మీదుగా పోతుంది, లేదా వెన్నులో చిక్కుతుంది. దూరం 20 గజాలకు తగ్గిస్తే ఆ రెప్పపాటు మూడింట రెండు వంతులకు తగ్గుతుంది. పందెంలో 60 గజాల బొమ్మను కొట్టగలిగినవాడు కూడా అడవిలో ఇరవై గజాల కోసం ఎదురుచూసేది ఇందుకే. బొమ్మ వినదు, జింక వింటుంది.

అంత దగ్గరికి జింకను రప్పించడం ఎలా? ముందు గాలి. జింక కంటికి దొరకకుండా తప్పించుకోవచ్చు, ముక్కుకు దొరకకుండా తప్పించుకోలేడు మనిషి. ఎంత సబ్బుతో కడిగినా, ఎన్ని మందులు చల్లినా గాలివాటం తప్పితే అంతే సంగతులు. మంచె మీద కూర్చున్న వేటగాడు జేబులో మిల్క్‌వీడ్ కాయ పెట్టుకుంటాడు. మన జిల్లేడుకు దగ్గరి చుట్టం ఆ మొక్క. కాయ చిదిపితే జిల్లేడు దూదిలాంటి తెల్లటి పింజలు. ఒక పింజ వదిలి చూస్తాడు. అది ముందు కుడివైపు పోతుంది, ఇరవై అడుగులు వెళ్లి సుడి తిరుగుతుంది, వాగు వైపు కిందికి దిగుతుంది. తన వాసన కూడా సరిగ్గా ఆ దారినే పోతుందని అతనికి అర్థమవుతుంది. ఉదయం ఎండ తగిలాక కొండ గాలి పైకి లేస్తుంది, సాయంత్రం చల్లబడ్డాక లోయలోకి జారుతుంది. అందుకే పొద్దున పనికొచ్చిన మంచె సాయంత్రానికి పనికిరాదు. జింకలు వస్తాయని తెలిసిన చోట కూడా, గాలి ఎదురుగా లేకపోతే ఆ రోజు ఆ చెట్టు ఎక్కకుండా తిరిగి వెళ్లడం మంచి వేటగాడి లక్షణం.

తూర్పు రాష్ట్రాల అడవుల్లో ఇలా మంచె వేసి మాటుకాయడం వాడుక. ఓక్ చెట్ల కాయలు రాలే చోటు, మేతకూ పడకకూ మధ్య ఉన్న జాడ, వాగు దాటే సందు, ఇలాంటివి వేసవిలోనే చూసి పెట్టుకుంటారు. పశ్చిమాన రాకీ పర్వతాల్లో పద్ధతి వేరు. అక్కడ దుర్భిణీతో కొండ వాలంతా గాలించి, జంతువును దూరం నుంచి చూసి, గంటలకొద్దీ పాకుతూ చేరాలి. చివరి వంద గజాల్లో బూట్లు విప్పి మేజోళ్లతో నడిచేవాళ్లున్నారు. సెప్టెంబరులో ఎల్క్ అనే పెద్ద జింక జోడు కోసం ఈల వేసినట్టు అరుస్తుంది. ఆ అరుపును నోటితో అనుకరించి, పోటీకి వచ్చే మగ ఎల్క్‌ను దగ్గరికి పిలుస్తారు. వయోమింగ్ బయళ్లలో నీటి గుంటల పక్కన గుడారం వేసుకుని ఎండలో రోజంతా కూర్చుంటారు.

బాణం తగిలాక పని అయిపోదు, అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఉత్సాహం పట్టలేక చెట్టు దిగి పరుగెత్తడం కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు. ముందు గడియారం చూడాలి. జింక చివరిసారి కనిపించిన చెట్టును గుర్తు పెట్టుకోవాలి. కనీసం అరగంట ఆగి, తర్వాత బాణం దగ్గరికి వెళ్లాలి. బాణం కథ చెబుతుంది. దాని మీద నెత్తురు లేత గులాబీ రంగులో, చిన్న చిన్న బుడగలతో ఉంటే ఊపిరితిత్తులు తెగాయన్నమాట. దగ్గర్లోనే ఉంటుంది. ముదురు ఎరుపైతే కాలేయం, కొన్ని గంటలు ఆగాలి. ఆకుపచ్చని జిగురు, పేడ వాసన అంటితే పొట్టలో తగిలింది. అప్పుడు అడుగు ముందుకు వేయకుండా వచ్చిన దారినే వెనక్కి మళ్లాలి. ఆరు గంటలు, ఎనిమిది గంటలు, అవసరమైతే రాత్రంతా. వెంటపడితే ఆ జంతువు బతికున్నంతసేపూ పరుగెత్తుతుంది, ఎవరికీ దొరకని పొదలో పోయి చస్తుంది. వదిలేస్తే కొద్ది దూరంలోనే పడుకుంటుంది. రాలిన ఆకు మీద ఆవగింజంత చుక్క, దాని తర్వాత రెండు గజాల్లో ఇంకో చుక్క. మోకాళ్ల మీద పాకుతూ, చూసిన ప్రతి చుక్క దగ్గరా ఒక కాగితం ముక్క పెట్టుకుంటూ పోవాలి. వెనక్కి తిరిగి చూస్తే ఆ కాగితాల వరస జింక వెళ్లిన దిక్కును చూపిస్తుంది. కొన్ని రాష్ట్రాల్లో శిక్షణ ఇచ్చిన కుక్కను తాడు కట్టి తీసుకెళ్లి వెతకడానికి చట్టం అనుమతిస్తుంది.

ఇంత చేసినా దొరకని జంతువులుంటాయి. ఈ వేట మీద ఉన్న బలమైన అభ్యంతరం అదే. పొడవాటి విల్లుకు పేరుపడ్డ ఇంగ్లండు ఉన్న బ్రిటన్‌లో విల్లుతో జింకను వేటాడటం నేరం. జర్మనీలోనూ అంతే. ఫ్రాన్సు మాత్రం ప్రత్యేక శిక్షణ షరతుతో అనుమతించింది. ఆ అభ్యంతరాన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు. అమెరికా రాష్ట్రాల నిబంధనల్లో సగం దానికి జవాబుగా పుట్టినవే. జింకకు వాడే విల్లు బలం ఇన్ని పౌండ్లకు తగ్గకూడదని చాలా రాష్ట్రాలు గీత గీశాయి. ఎక్కువ చోట్ల అది 30 నుంచి 40 పౌండ్ల మధ్య ఉంటుంది. ములికి వెడల్పు కూడా నిర్ణయించారు. అయినా అసలు గీత వేటగాడు తనకు తాను గీసుకోవాలి. ఇంటి వెనక బొమ్మ మీద పది బాణాలు వేస్తే పదీ పళ్లెమంత మేరలో పడే దూరమే అతని దూరం. అది పదిహేను గజాలైతే పదిహేనే.

ఇక వేటగాడి ప్రాణం సంగతి. విల్లంబుల వేటలో ప్రమాదమంటే ఎవరో వేసిన బాణం తగలడమని బయటివాళ్లు అనుకుంటారు. నిజానికి అమెరికాలో జింకల వేటగాళ్లను ఎక్కువగా గాయపరిచేది చెట్టు. పదిహేను, ఇరవై అడుగుల ఎత్తున కట్టిన మంచె మీద నుంచి పడిపోవడం. నడుము విరిగి జీవితాంతం చక్రాల కుర్చీకి పరిమితమైనవాళ్లున్నారు. మన తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుడి ఇంట్లో వాళ్లకు ఈ భయం ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు. గీతకార్మికుడు మోకు లేకుండా చెట్టెక్కడు. అమెరికా వేటగాళ్లు చాలాకాలం అలాంటిదేమీ లేకుండానే ఎక్కేవాళ్లు.

మొదట్లో నడుముకు మాత్రమే కట్టుకునే బెల్టు వాడారు. పడితే ఆ బెల్టు పొట్టను, పక్కటెముకలను నొక్కి ఊపిరి ఆపేసేది, లేదా మనిషి తలకిందులై అందులోంచి జారేవాడు. ఇప్పుడు భుజాలూ తొడలూ కలిపి పట్టే పూర్తి జీను వాడాలి. దాని తాడు చెట్టుకు తల ఎత్తుకన్నా పైన కట్టాలి, కూర్చున్నప్పుడు వదులు ఉండకూడదు. అది కూడా మంచె మీదికి చేరాక తగిలించుకుంటే చాలదు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ, నిచ్చెన మీద నుంచి మంచె మీదికి కాలు మార్చే క్షణంలోనూ ఎక్కువమంది పడతారు. అందుకని చెట్టు పైనుంచి మొదలు దాకా ఒక తాడు వేలాడదీసి, దాని మీద జారే ముడికి జీను తగిలించుకుని, నేల మీద మొదటి మెట్టు నుంచే ఎక్కాలి. మూడు చోట్ల పట్టు ఎప్పుడూ ఉండాలి. రెండు చేతులూ ఒక కాలూ, లేదా రెండు కాళ్లూ ఒక చెయ్యి.

పడి, జీనుకు వేలాడినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. తొడల చుట్టూ ఉన్న పట్టీలు నొక్కుకుని కాళ్లలోకి దిగిన నెత్తురు పైకి రాదు. కొద్ది నిమిషాల్లోనే తల తిరుగుతుంది, స్పృహ పోవచ్చు. కాబట్టి జేబులో ఉచ్చులా ముడివేసిన ఒక పట్టీ ఉండాలి. దాన్ని కిందికి వదిలి కాలు పెట్టి నిలబడితే తొడల మీద బరువు తగ్గుతుంది. చేతికి అందే చోట ఈల, ఫోను ఉండాలి. బ్యాగులో కాదు, ఒంటి మీద.

మంచె కట్టే చెట్టునూ నమ్మకూడదు. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చటి పురుగు అమెరికాలో కోట్ల యాష్ చెట్లను చంపింది. బయటికి నిటారుగా నిలబడి ఉంటాయి, లోపల పెళుసు. ఏడాది పొడుగునా చెట్టుకే వదిలేసిన పట్టీలు ఎండకు పాడవుతాయి, ఉడతలు కొరుకుతాయి, చెట్టు లావెక్కి బిగుసుకుపోతాయి. ప్రతి వేటకాలానికీ ముందు వాటిని విప్పి, చేత్తో తడిమి చూడాలి.

విల్లును చేత్తో పట్టుకుని చెట్టు ఎక్కకూడదు. బాణాలు పొదిలో పెట్టి, ములికుల మీద మూత వేసి, మంచె మీదికి చేరి జీను బిగించాక తాడుతో పైకి లాగాలి. ఆ ములికి ఎంత పదునో గుర్తుంచుకోవాలి. పొదిలో మూత లేని ములికి మీద పడి, తన బాణానికి తానే బలయ్యే ప్రమాదం కథల్లో మాట కాదు. ములికి బిగించేటప్పుడు వేళ్లతో తిప్పకూడదు, దానికోసం ఉన్న చిన్న పానా వాడాలి. పడిపోయిన జంతువును కోసేటప్పుడు కూడా లోపల విరిగిన బ్లేడు ఉండవచ్చు, చెయ్యి పెట్టే ముందు బాణానికి బ్లేడులన్నీ ఉన్నాయా అని లెక్క చూసుకోవాలి.

బాణం లేకుండా నారి లాగి వదిలేయడం మరో తప్పు. విల్లులో దాచిన శక్తి మామూలుగా బాణంలోకి వెళ్తుంది. బాణం లేకపోతే ఆ శక్తి విల్లులోకే తిరిగి వస్తుంది. విల్లు పగలవచ్చు, నారి తెగి ముఖం మీద కొట్టవచ్చు. కొత్త విల్లు చేతికొచ్చినప్పుడు ఎంత బలముందో చూద్దామని స్నేహితులు వరసగా లాగి చూస్తుంటారు, అక్కడే ఇది జరుగుతుంది. ఇంకొకటి కార్బన్ బాణం. బొమ్మకో రాయికో తగిలాక దానికి కంటికి కనపడని చీలిక ఏర్పడుతుంది. మళ్లీ వదిలినప్పుడు ఆ చీలిక దగ్గర విరిగి, పుల్లలు విల్లు పట్టుకున్న చేతిలోకి దిగుతాయి. కాబట్టి వేసే ముందు రెండు చేతులతో పట్టుకుని కొద్దిగా వంచి, చెవి దగ్గర పెట్టి వినాలి. చిటపట వినిపిస్తే అక్కడే విరిచి పారేయాలి. మంచి బాణం ఖరీదైనదే, అయినా చెయ్యి కంటే కాదు.

గట్టు మీద ఆకాశానికి ఎదురుగా నిలబడిన జింక మీద వేయకూడదు. వెనక ఏముందో తెలియదు. తుపాకీ వేటకాలం కూడా అదే రోజుల్లో వస్తే, విలుకాడు సైతం నారింజ రంగు చొక్కా వేసుకోవాలి. జింక కంటికి ఆ రంగు మనకు కనిపించినట్టు కనిపించదు, తుపాకీ పట్టిన మనిషికి మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ సామాను కొన్న ప్రతిసారీ కొంత డబ్బు అడవికి వెళ్తుందని కొద్దిమందికే తెలుసు. 1937లో పిట్‌మన్ రాబర్ట్‌సన్ అనే చట్టం తుపాకులు, తూటాల మీద వేసిన పన్నును వన్యప్రాణుల పనికి కేటాయించింది. 1970ల్లో విల్లంబులను కూడా అందులో చేర్చారు. ఆ డబ్బుతో అడవులు కొంటారు, జంతువుల లెక్కలు తీస్తారు, ఇంతకు ముందు చెప్పిన వేట శిక్షణ తరగతులు నడుపుతారు.

నవంబరు సాయంత్రం. చీకటి పడుతోంది. ఇరవై గజాల్లోకి ఏదీ రాలేదు, వచ్చిన ఒక్క ఆడ జింకా దూరంగా గాలి పసిగట్టి తోక ఎత్తి వెళ్లిపోయింది. వేటగాడు నారి మీద పెట్టిన బాణం తీసి పొదిలో పెట్టి, మూత వేశాడు. విల్లును తాడుతో మెల్లగా కిందికి దించాడు. తర్వాత ఒక్కొక్క మెట్టూ చూసుకుంటూ, జారే ముడిని తనతో పాటు కిందికి జరుపుకుంటూ దిగాడు. కాళ్లు రెండూ ఎండుటాకుల మీద ఆనాకే జీను కొక్కెం విప్పాడు. పొద్దున ఏ చెట్టు ఎక్కుతున్నాడో, ఎన్నింటికి దిగుతాడో ఇంట్లో రాసిపెట్టి వచ్చాడు. ఫోను తీసి ఒక్క మాట పంపాడు: దిగాను.